బెల్టు లైటు వెలిగాక

(విమానాల్లో 22 ఏళ్లు క్యాబిన్ క్రూగా పనిచేసి రిటైరైన ఒక చిత్తూరు మహిళ, తిరుపతిలో ఒక కాలనీ గ్రంథాలయం మేడ మీద ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

ఇందాక మెట్లెక్కి వస్తుంటే, ఇదిగో ముందు వరుసలో కూర్చున్న ఈ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది. "వచ్చే నెల అమెరికాకు పోతా ఉండా పాపా, కూతురికి కాన్పు. పైన విమానం ఊగిపోతే ఏం చేసేది?" నా ఉద్యోగంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. అడిగే భాష మారుతుంది, చెయ్యి పట్టుకునే తీరు మాత్రం మారదు. అందుకని ఈ రోజు ఆ పెద్దమ్మతో మాట్లాడుతున్నట్టే మాట్లాడతాను. మిగతావాళ్లు పక్కన కూర్చుని వింటున్నట్టు వినండి.

నేను చిత్తూరులో పుట్టి పెరిగాను. మా ఇంట్లో విమానం ఎక్కిన మొదటి మనిషిని నేనే. ఎక్కింది కూడా ఉద్యోగం కోసమే. మనవాళ్లు ఎయిర్ హోస్టెస్ అంటారు, మాలో మేం క్యాబిన్ క్రూ అనుకుంటాం. టీలు, భోజనాలు అందించే పని అనుకుంటారు చాలామంది. ఆ పని కూడా చేస్తాం. కానీ మమ్మల్ని విమానంలో పెట్టేది మీ భద్రత కోసం. మేం కూర్చునే మడత సీటును జంప్ సీటు అంటారు. చాలా విమానాల్లో అందులో కొన్ని మీ వైపు తిరిగి ఉంటాయి. కుదుపులు వచ్చినప్పుడు మీకు ముందు సీటు వీపు కనిపిస్తుంది. మాకు మీ ముఖాలు కనిపిస్తాయి. ఈ రోజు నేను చెప్పే వాటిలో ఎక్కువ భాగం ఆ సీటులో కూర్చుని చూసినవే.

కుదుపులు గట్టిగా మొదలైతే జనం వెంటనే కేకలు వేస్తారని అనుకుంటారు. అట్లా జరగదు. ముందు మాటలు ఆగిపోతాయి. అంతసేపూ గలగలా మాట్లాడుకుంటున్న నూటెనభై మంది ఒక్కసారిగా నోళ్లు మూసుకుంటారు. ఇంజిన్ మోత, పై అరల్లో బ్యాగులు కొట్టుకునే చప్పుడు, గ్యాలీలో, అంటే మా చిన్న వంటింట్లో, డ్రాయర్లు గడగడలాడే చప్పుడు, ఇవే వినిపిస్తాయి. తర్వాత కళ్లు కదులుతాయి. సీటు బెల్టు పెట్టుకోమని తల పైన వెలిగే బెల్టు లైటు వైపు చూస్తారు, కిటికీ వైపు చూస్తారు, చివరికి మా వైపు చూస్తారు. పసిబిడ్డ కింద పడగానే ఏడవాలా వద్దా అని అమ్మ ముఖం చూస్తుందే, అచ్చం అట్లాగే. ఆ తర్వాత చేతులు సీటు పిడిని పట్టుకుంటాయి. పిడి దొరక్కపోతే పక్కవాళ్ల చెయ్యి. విమానం ఒక్కసారిగా కిందికి జారిందా, అప్పుడొస్తుంది కేక. ఏ రాష్ట్రం వాళ్లయినా ఆ కేకలో సగం అమ్మ పేరే ఉంటుంది.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దిగేటప్పుడు కొందరు మగవాళ్లు మా కళ్లలోకి చూడకుండా వెళ్లిపోయేవాళ్లు, అరిచామే అన్న నామోషీతో. వాళ్లను చూస్తే నాకు బాధగా ఉండేది. ఆ కేక వాళ్ల పిరికితనం వల్ల రాలేదు, చెవి వల్ల వచ్చింది.

చెవి అని ఎందుకంటున్నానో చెబుతాను. కర్ణభేరికి ఇంకా లోపల, శరీరం ఎటు కదులుతోందో కనిపెట్టే ఏర్పాటు ఒకటి మనందరికీ ఉంది. ఒక జిగురు పొర మీద చాలా సన్నటి సున్నపు రేణువులు ఉంటాయి. మనం పైకో కిందికో తటాలున కదిలితే అవి పక్కకు జరిగి మెదడుకు కబురు పంపుతాయి. ఈ ఏర్పాటు వేగంలో మార్పును బాగా పట్టుకుంటుంది. ఎంత దూరం కదిలామో మాత్రం కొలవలేదు. గంగమ్మ జాతరలో జెయింట్ వీల్ ఎక్కినవాళ్లకు తెలుసు, పైనుంచి కిందికి తిరిగే చోట గుండె జారిపోయినట్టు ఉంటుంది. అక్కడ కళ్లకు నేల కనిపిస్తుంది కాబట్టి ఎంత దిగామో తెలుస్తుంది. విమానంలో అదీ కనిపించదు. అందుకే మామూలు కుదుపుల్లో విమానం పది, ఇరవై అడుగులు కదిలినా ప్రయాణికులు దిగాక "రెండు వేల అడుగులు పడిపోయింది" అని ఇంట్లో చెబుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల చెవి అంతే చెప్పింది.

మన తిరుమల ఘాట్ రోడ్డునే తీసుకోండి. మలుపు మీద మలుపు. బస్సులో సగం మందికి కడుపులో తిప్పుతుంది, కొందరు ముందే నిమ్మకాయ చేతిలో పెట్టుకుని ఎక్కుతారు. కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నవాళ్లకు కాస్త నయం, తల వంచుకుని ఫోన్ చూసేవాళ్లకు ఎక్కువ. డ్రైవర్ అన్నకు మాత్రం ఎప్పుడూ తిప్పదు. మలుపు రాబోతోందని ఆయన కంటికి ముందే తెలుసు, చెయ్యి స్టీరింగ్ మీద ఉంది. విమానంలో మీకు రోడ్డు కనిపించదు, స్టీరింగ్ మీ చేతిలో లేదు, ఎవరూ ఏమీ చెప్పరు. నేను చూసిన భయంలో ఎక్కువ భాగం ఈ మూడింటి వల్ల వచ్చిందే.

కాబట్టి ఆ రోడ్డు గురించి కాస్త చెబుతాను.

మనవాళ్లు ఎయిర్ పాకెట్ అంటారు. విమానం గాలి లేని గుంటలో పడింది అనుకుంటారు. పైన అట్లాంటి గుంటలు ఎక్కడా లేవు. గాలే పైకీ కిందికీ కదులుతుంది, దానితోపాటు విమానం కదులుతుంది. పులికాట్ సరస్సులో పడవ ఎక్కినవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. అల లేస్తే పడవ లేస్తుంది, అల దిగితే పడవ దిగుతుంది. నీళ్లు మాయమై పడవ గుంటలో పడదు. ఇదీ అంతే.

ఆ గాలి ఎందుకు అట్లా కదులుతుంది? మన రేణిగుంట విమానాశ్రయం సంగతే చూడండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు గంటలకు శేషాచలం కొండల బండలు ఎట్లా కాలిపోతుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ వేడికి గాలి పైకి లేస్తుంది, పక్కన చల్లటి గాలి దిగుతుంది. దిగబోతున్న విమానం ఆ రెండిటి మధ్య నుంచి రావాలి. అందులోనూ రేణిగుంటకు వచ్చేవాటిలో ఏటీఆర్ లాంటి ఫ్యాన్ల విమానాలు ఉంటాయి. చిన్నవి, పెద్ద జెట్ల కన్నా తక్కువ ఎత్తులో పోతాయి. ఊపు ఎక్కువ తెలుస్తుంది. కొండలకు అడ్డం పడి తిరిగే గాలి ఇంకో కారణం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచే కాలం ఇంకోటి. 2021 నవంబర్‌లో తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి కదా, ఆ వానలు కురిపించిన మబ్బుల లోపల గాలి ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. పైలట్లు అలాంటి మబ్బులను రాడార్‌లో చూసి చుట్టూ తిరిగి పోతారు. కొన్నిసార్లు దిగకుండా వెనక్కి తిప్పుతారు. వెనక్కి తిప్పారని కోపం తెచ్చుకోకండి.

పెద్దమ్మకు సంబంధించింది వేరే ఉంది. ముప్పై, నలభై వేల అడుగుల ఎత్తులో జెట్ స్ట్రీమ్ అని గాలి నది ఒకటి పారుతుంది. దాని ఒడ్డు దగ్గర, వేగంగా పోయే గాలికీ నెమ్మదిగా పోయే గాలికీ మధ్య సుడులు పుడతాయి. మబ్బు ఉండదు, ఆకాశం నీలంగా ఉంటుంది. విమానం రాడార్ వాన చినుకులను చూస్తుంది గానీ ఉత్త గాలిని చూడలేదు. అందుకే ఈ రకం కుదుపులు చెప్పాపెట్టకుండా వస్తాయి. ముందు వెళ్లిన విమానం పైలట్ రేడియోలో చెబితే వెనక వచ్చేవాళ్లకు తెలుస్తుంది. బ్రిటన్‌లో రెడింగ్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2023లో ఒక పరిశోధన వెలువరించారు. ఉత్తర అట్లాంటిక్ మీద ఒక చోట ఏడాదికి తీవ్రమైన ఇలాంటి కుదుపులు ఉండే సమయం 1979లో 17.7 గంటలు. 2020 నాటికి అది 27.4 గంటలైంది. అంటే 55 శాతం పెరిగింది. భూమి వేడెక్కితే ఎట్లాంటి మార్పు వస్తుందని అనుకున్నారో, దానికి ఇది సరిపోతోందని వాళ్లు చెప్పారు. మన పిల్లలు ఉండే దేశాలకు పోయే దారుల్లో అట్లాంటిక్ ఒకటి. భయపెట్టాలని ఈ లెక్క చెప్పడం లేదు. బెల్టు గురించి నేను ఎందుకింత పట్టుబడతానో మీకు తెలియాలి.

విమానం విరిగిపోతుందేమో అని చాలామంది రెక్క వైపే చూస్తుంటారు. రెక్క ఊగుతుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటారు. ఊగాలనే దాన్ని అట్లా చేశారు. 2010లో బోయింగ్ వాళ్లు 787 విమానం రెక్కలను నేల మీద పరీక్షించారు. ఎగిరేటప్పుడు రాగలదని లెక్కగట్టిన గరిష్ఠ బరువుకు ఒకటిన్నర రెట్లు వేసి పైకి వంచారు. సుమారు 25 అడుగులు వంగింది, విరగలేదు. రెండంతస్తుల మేడ ఎత్తు అది. వెదురు గాలికి వంగినట్టే. కాబట్టి పెద్దమ్మా, రెక్కను చూడొద్దు. మీ నడుం చూసుకోండి, అక్కడ బెల్టు ఉందా లేదా అని.

ఇప్పుడు రెండు సంఘటనలు చెబుతాను. రెండూ పేపర్లో వచ్చినవే, ఏడాది తేడాతో ఒకే తేదీన జరిగాయి.

2024 మే 21. లండన్ నుంచి సింగపూర్ పోతున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం. 211 మంది ప్రయాణికులు, 18 మంది సిబ్బంది. మయన్మార్ మీద 37 వేల అడుగుల ఎత్తులో ఉంది. విమానం కాస్త అదురుతుంటే పైలట్ బెల్టు లైటు వేశాడు. ఆ తర్వాత 8 సెకన్లకు, సెకనులో సగం పైచిలుకు సమయంలో, విమానం వాళ్ల కింది నుంచి లాగేసినట్టు దిగింది. 60 కిలోల మనిషిని 90 కిలోల బలంతో పైకప్పు వైపు లాగినంత విసురు అది. బెల్టు లేనివాళ్లు పైకి ఎగిరారు. మరో నాలుగు సెకన్లలో ఆ విసురు తిరగబడింది, ఎగిరినవాళ్లు కిందపడ్డారు. 4.6 సెకన్లలో విమానం దిగింది మొత్తం 178 అడుగులు. శ్రీకాళహస్తి రాజగోపురం కన్నా కొంచెం ఎక్కువ, అంతే. 73 ఏళ్ల పెద్దాయన ఒకరు చనిపోయారు. గుండెపోటు అయి ఉండొచ్చన్నారు. పదుల మందికి తల, వెన్నెముక దెబ్బతిన్నాయి. విమానాన్ని బ్యాంకాక్‌లో దింపారు. విమానం మాత్రం చక్కగా ఎగిరింది, చక్కగా దిగింది.

8 సెకన్లు అని మళ్లీ చెబుతున్నాను. దుప్పటి కింద ఎక్కడో ఇరుక్కున్న బెల్టును వెతికి పెట్టుకోవడానికి 8 సెకన్లు చాలవు. అరవడానికి కూడా టైం లేదు అక్కడ.

సరిగ్గా ఏడాదికి, 2025 మే 21న, ఢిల్లీ నుంచి శ్రీనగర్ పోతున్న ఇండిగో విమానం వడగళ్ల తుఫానులో చిక్కుకుంది. రెండు వందల మందికి పైగా ఉన్నారు. ఆ వీడియోలు మీరందరూ చూసే ఉంటారు. పై అరలు ఊగుతున్నాయి, పిల్లలు ఏడుస్తున్నారు, పెద్దలు దేవుణ్ని తలుచుకుంటున్నారు. విమానం ముక్కు భాగం బాగా దెబ్బతింది. అది చిన్న గండం కాదు. కానీ శ్రీనగర్‌లో దిగింది, ఒక్క ప్రయాణికుడికీ గాయం కాలేదు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో జనానికి భయపడే వ్యవధే దొరకలేదు, ఒక ప్రాణం పోయింది. ఇంకోదాంట్లో పై ప్రాణాలు పైనే పోయినంత భయం, ఒంటి మీద గీత పడలేదు. మన భయం విమానం పడిపోతుందేమో అన్న చోట కాపు కాస్తుంది. దెబ్బ తగిలేది వేరే చోట, మన తలకూ పైకప్పుకూ మధ్య ఉన్న మూడడుగుల ఖాళీలో.

ఈ మాట నేను నా తప్పు నుంచి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి విమానంలో బెల్టు లైటు వెలిగి ఉంది. ఒక పెద్దాయన లేచి వచ్చి బాత్రూంకు పోవాలన్నాడు. వద్దు అని చెప్పాను. "షుగర్ ఉండాది తల్లీ, ఆపుకోలేను" అన్నాడు. మా తాత గుర్తొచ్చాడు. సరే, త్వరగా వచ్చేయండి అన్నాను. ఆయన తిరిగి వచ్చేటప్పుడు విమానం ఒక్క ఊపు ఊపింది. ఒకే ఒక్కటి. సీటు అంచు మీద పడి మణికట్టు విరిగింది. నొప్పితో ఉన్నా ఆయనే "నీ తప్పు లేదులే తల్లీ" అన్నాడు. అది నా తప్పే. ఆ తర్వాత ఎవరైనా లేస్తే, ఎంత పెద్దవాళ్లయినా, గట్టిగా కూర్చోమనేదాన్ని. కొందరు తిట్టేవాళ్లు. తిట్టించుకోవడమే మేలు.

మా సంగతి కూడా చెప్పాలి. అమెరికా విమానాల్లో 2009 నుంచి 2022 దాకా కుదుపుల వల్ల తీవ్రంగా గాయపడ్డవాళ్లు 163 మంది. వాళ్లలో ఎక్కువమంది నాలాంటి సిబ్బందే. నడవలో నిలబడి ఉండేది మేమే కదా. నిండుగా సర్దిన భోజనాల బండి ఒక మనిషి కన్నా ఎక్కువ బరువు ఉంటుంది, అది గాల్లోకి లేచి పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి మేం టీ ఆపేసి కూర్చుంటే బద్ధకం అనుకోవద్దు. సింగపూర్ సంఘటన తర్వాత ఆ సంస్థ బెల్టు లైటు వెలిగి ఉన్నంతసేపూ వేడి పానీయాలు ఇవ్వడం మానేసింది. కొరియన్ ఎయిర్ 2024 ఆగస్టు నుంచి ఎకానమీలో కప్ నూడుల్స్ ఆపేసింది. మరుగుతున్న నీళ్లు పక్కవాళ్ల ఒడిలో పడకూడదని.

ఇక మనుషుల దగ్గరికి వస్తాను. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే.

చెన్నై నుంచి కువైట్ పోయే విమానాల్లో చాలాకాలం చేశాను. రాయచోటి, రాజంపేట, పీలేరు వైపు నుంచి ఇళ్లల్లో పనికి పోయే ఆడవాళ్లు ఎక్కేవాళ్లు. కొందరికి అదే మొదటి విమానం. పాస్‌పోర్టు గుడ్డసంచిలో పెట్టి, సంచి పైటలో దోపుకుని కూర్చునేవాళ్లు. ఒకసారి సముద్రం మీద పావుగంటసేపు విమానం విపరీతంగా ఊగింది. కెప్టెన్ ఇంగ్లిష్‌లో చెప్పాడు, మా సీనియర్ హిందీలో చెప్పింది. నా ఎదురుగా మూడు వరుసల్లో ఉన్న ఆడవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాని భాషలో స్పీకర్ ఏదో అనేసరికి వాళ్ల భయం ఇంకా పెరిగింది. మునిగిపోతున్నామని చెబుతున్నారేమో అనుకున్నారు. సీనియర్‌ను అడిగి, జంప్ సీటులోంచే రిసీవర్ అందుకుని మాట్లాడాను. "అమ్మా, గాలి గట్టిగా తగలతా ఉంది. విమానానికి ఏం కాదు. బెల్టు బిగించి గమ్మున కూర్చోండి. కొంచేపట్లో సర్దుకుంటుందని పైలట్ చెప్పినాడు."

నా మాట పూర్తయ్యేలోపు వాళ్ల భుజాలు దిగడం చూశాను. చెవుల దాకా లేచి ఉన్న భుజాలు మెల్లగా దిగాయి. విమానం ఊపు తగ్గలేదు, అంతే ఊగుతోంది. వాళ్లకు రోడ్డు కనిపించింది, అదీ తేడా. ఒకామె మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది. దిగాక అడిగితే, "భయంతో కాదు అక్కా, మన మాట ఇనపడేసరికి ఏడుపొచ్చేసింది" అంది. మన ఊళ్ల నుంచి ఇంతమంది ఎక్కే విమానాల్లో తెలుగులో రెండు వాక్యాలు చెప్పే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలి. ఇది మర్యాద కోసం అడుగుతున్నది కాదు. భయపడ్డ మనిషి బెల్టు విప్పి లేస్తుంది. మాట అర్థమైన మనిషి కూర్చుంటుంది.

రేణిగుంట నుంచి హైదరాబాద్ పోయే విమానంలో ఇంకోటి చూశాను. దర్శనం చేసుకుని తిరిగి పోతున్న భక్తులు, గుండ్లు, ఒడిలో లడ్డూ సంచులు. ఊపు మొదలైంది. వెనక నుంచి ఎవరో "గోవిందా" అన్నారు. ముందు నుంచి "గోవిందా" అని బదులొచ్చింది. రెండు నిమిషాల్లో విమానమంతా అలిపిరి మెట్ల మీద ఉన్నట్టు అయిపోయింది. నాకు భక్తి ఉంది, అది వేరే సంగతి. కానీ ఒళ్లు ఎట్లా పనిచేస్తుందో కూడా గమనించండి. భయపడ్డప్పుడు ఊపిరి పైపైన, తొందర తొందరగా తీసుకుంటాం. అట్లా తీసుకుంటే తల తేలిపోతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, గుండెపోటు వచ్చిందేమో అని ఇంకా భయం. ఊపిరి నిదానంగా, పొడుగ్గా వదిలితే గుండె నెమ్మదిస్తుంది. "గోవిందా" అని సాగదీసి అనడమంటే ఊపిరి పొడుగ్గా వదలడమే. పైగా పక్కవాళ్లతో కలిసి. ఏ మతంవాళ్లు ఏ పేరు తలుచుకున్నా, సాగదీసి తలుచుకుంటే ఒంటికి ఇదే మేలు జరుగుతుంది. ఏ పేరూ వద్దనుకుంటే లోపల ఒకటి నుంచి ఆరు దాకా లెక్కపెడుతూ ఊపిరి వదలండి. ఒక్క జాగ్రత్త. ఛాతీలో నిజంగా నొప్పి ఉంటే భయమేలే అని ఊరుకోకుండా మమ్మల్ని పిలవండి.

మేం ఎక్కువ కనిపెట్టుకుని ఉండేది అరిచేవాళ్లను కాదు, గమ్మున ఉండేవాళ్లను. కళ్లు తెరిచే ఉంటాయి, రెప్ప పడదు. పిలిస్తే పలకరు. అరిచినవాళ్లకు భయం బయటికి పోతుంది, వీళ్లకు లోపలే ఉండిపోతుంది. ఒక ఢిల్లీ విమానంలో అట్లాంటి పెద్దాయన, మన వైపు రైతు, పక్కన ఉత్తరాది అమ్మాయి, కాలేజీ పిల్ల. ఇద్దరికీ కలిసిన భాష లేదు. ఆ పిల్ల ఆయన ముఖం చూసి తన చెయ్యి ఆయన చేతి కింద పెట్టింది. ఆయన పట్టుకున్నాడు, దిగేదాకా వదల్లేదు. దిగేటప్పుడు దణ్ణం పెట్టి పోయాడు. ఆ పిల్ల అరచెయ్యి నాకు చూపించింది, ఆయన ఉంగరం అచ్చు ఎర్రగా పడి ఉంది. నొప్పిగా ఉందా అంటే లేదని తల ఊపింది.

ఫోన్ తీసి వీడియో తీసేవాళ్లను చాలామంది తిడతారు. నేను తిట్టను. తెర మధ్యలో పెట్టుకుంటే జరిగేది కాస్త దూరంగా అనిపిస్తుంది, కొందరికి అదే ఊరట. చనిపోతే ఇంట్లోవాళ్లు చూస్తారని తీశానని ఒక కుర్రాడు నాతో అన్నాడు. అతణ్ని ఏమని తిట్టను? చెయ్యి జారితే ఆ ఫోన్ ఎవరి తలకైనా తగులుతుంది, లోపల పెట్టు నాయనా అని చెప్పాను. పెట్టేశాడు.

చక్రాలు నేలను తాకగానే చప్పట్లు. ఆ తర్వాత అందరూ ఒకేసారి గట్టిగా మాట్లాడతారు, కారణం లేకుండా నవ్వుతారు, కొందరికి కాళ్లు వణికి లేవలేరు. ఒంట్లోకి వచ్చిన ఆ ఊపు దిగడానికి టైం పడుతుంది. నీళ్లు తాగండి, కాసేపు కూర్చోండి. రోజులు గడిచినా నిద్రలో ఉలిక్కిపడుతుంటే, టికెట్ అనగానే చెమటలు పడుతుంటే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఈ భయానికి మంచి వైద్యం ఉంది. మా బంధువు ఒకాయన ఒక్క కుదుపుతో పదేళ్లు విమానం ఎక్కలేదు, కొడుకు పెళ్లిని వీడియోలో చూశాడు. ముందే వైద్యుడి దగ్గరికి పోయి ఉంటే ఆ పెళ్లిలో ఉండేవాడు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక విద్యార్థి: మేడం, మీకు భయం వేసేది కాదా?)

వేసేది నాయనా. మాకు శిక్షణలో ఒకటి నేర్పిస్తారు. జంప్ సీటులో రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, పాదాలు నేలకు ఆనించి కూర్చోవాలి. విమానం గట్టిగా కుదిపితే చేతులు ఎగిరి దెబ్బ తగలకూడదని అట్లా. నా చేతులు వణకడం మీకు కనపడకుండా ఉండటానికి కూడా అది పనికొచ్చింది. మీరు నా ముఖం చూస్తున్నారని నాకు తెలుసు కదా.

(ఒకరు: ఏ సీటు మంచిది?)

రెక్కల దగ్గరివి. తోక వైపు ఊపు ఎక్కువ తెలుస్తుంది. అయితే సీటు ఏదైనా బెల్టు ఒకటే. లైటు ఆరినా విప్పొద్దు. తుంటి ఎముకల మీదికి, కాస్త బిగుతుగా పెట్టుకోండి. పడుకునేటప్పుడు దుప్పటి మీద పెట్టుకోండి, మేం చూసి మిమ్మల్ని లేపకుండా పోతాం. నడవలో ఉండగా ఊపు మొదలైతే మీ సీటు దాకా పరుగెత్తొద్దు. ఖాళీగా ఉన్న సీటులో కూర్చోండి. లేకపోతే కిందే కూర్చుని సీటు కాలు పట్టుకోండి. మేమూ అట్లాగే కూర్చుంటాం.

(ముందు వరుసలోని పెద్దమ్మ: వచ్చేటప్పుడు బిడ్డను ఎత్తుకొస్తాం పాపా. ఒళ్లో గట్టిగా పట్టుకుంటే చాలదా?)

చాలదమ్మా. అమ్మ చేతులు ఎంత గట్టివైనా ఆ విసురుకు ఆగవు. మీ అల్లుడికి చెప్పి, కుదిరితే బిడ్డకు వేరే సీటు కొనమనండి. విమానంలో వాడే పిల్లల సీటు ఉంటుంది, అందులో కట్టేయొచ్చు. ఒడిలోనే తేవాల్సి వస్తే పసిపిల్లల బెల్టు ఉందా అని ఎక్కగానే క్రూను అడగండి. అది మీ బెల్టులోంచి దూరి బిడ్డ నడుంకు విడిగా వస్తుంది. మీ బెల్టే ఇద్దరికీ కలిపి చుట్టొద్దు, ఊపుకు మీ బరువంతా బిడ్డ పొట్ట మీద పడుతుంది. ఎట్లా కట్టాలో నోటితో చెబితే అర్థం కాదు. ఇట్లా రండి, ఆ దిండు కూడా తెచ్చుకోండి. నా చున్నీతో కట్టి చూపిస్తాను.